వంపు దగ్గర గాలి

ఇంజను హెడ్డు పోర్టులో చూపుడువేలు పెట్టి, కళ్లు మూసుకుని, లోపలి గోడ తడుముతాను. కంటికి అందని చోటది, వేలే చూడాలి. కార్బరేటరు బిగించే మూతి నుంచి కొంత దూరం వేలు సాఫీగా పోతుంది. తర్వాత కింది గోడ మలుపు తిరిగి వాల్వు వైపు దిగుతుంది. ఆ మలుపు దాటి, వాల్వు కూర్చునే సీటు రింగు ఇంకా రాకముందే గోటికి ఒక అంచు తగులుతుంది. రూపాయి బిళ్ల మందం కూడా ఉండదు. పోత పోసినప్పుడు వచ్చిన ఆకారం ఒకటి, సీటు కోసం యంత్రం మీద తొలిచిన గుండ్రం ఇంకొకటి. రెండూ కలిసే చోట ఆ మెట్టు మిగిలిపోతుంది. పోత పోసి తొలిచిన హెడ్డు దేనిలోనైనా ఎంతో కొంత ఉండేదే. వేల బళ్లు తయారయ్యే చోట ఒక్కో మెట్టునూ చేత్తో అరగదీస్తూ కూర్చోవడం ఎవరికీ కుదరదు.

నాకు కుదురుతుంది. ఆదివారం మధ్యాహ్నం, వసారాలో చెక్క బల్ల, దానికి బిగించిన వైసు, చేతిలో ఇమిడే డై గ్రైండరు, పొడుగు కాడ ఉన్న కార్బైడు బర్రులు రెండు, కొస చీల్చిన ఇనప పుల్లకు చుట్టిన గరుకు కాగితం. అల్యూమినియం మెత్తని లోహం. బర్రు పళ్ల మధ్య ఇరుక్కుని ముద్దకట్టేస్తుంది. అందుకని కాసేపటికోసారి గ్రైండరు ఆపి బర్రుకు కొవ్వొత్తి రుద్దుతాను. మైనం పట్టిన పళ్లకు లోహం అంత తొందరగా అంటుకోదు. వెండి రజనులాంటి పొడి ముంజేతుల మీద, కళ్లద్దాల మీద పేరుకుంటుంది. ముక్కుకు మాస్కు, కంటికి అద్దాలు లేకుండా మాత్రం ఈ పని ముట్టుకోకూడదు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు.

హెడ్డు పోర్టింగు అంటే ఇంతే. ఇంజను గాలి పీల్చే దారిలోనూ పొగ వదిలే దారిలోనూ ఉన్న అడ్డును చేత్తో తీయడం. పది మాటల్లో చెప్పేయొచ్చు. అందులో ఏది అడ్డో తెలుసుకోవడానికి మాత్రం నాకు ఒక హెడ్డు ఖర్చయింది, నాలుగేళ్లు పట్టింది.

నాది పాత బుల్లెట్టు, 350. సిలిండరు 346 సీసీ, బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. ఇంజను నిమిషానికి 4000 చుట్లు తిరుగుతోందనుకోండి. రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది గనక సెకనుకు 33 సార్లు. పిస్టను పైనుంచి అడుగుకు దిగడానికి పట్టే సమయం సెకనును వెయ్యి ముక్కలు చేస్తే ఏడున్నర ముక్కలు. ఆ కాస్తలోనే లీటరులో మూడో వంతు గాలి లోపలికి రావాలి. పిస్టను సగటున సెకనుకు 12 మీటర్ల వేగంతో దిగుతుంది. కానీ గాలి దూరేది 24 మిల్లీమీటర్ల కార్బరేటరు గొంతులోంచి. సిలిండరు వైశాల్యం ఆ గొంతుకు ఎనిమిదిన్నర రెట్లు. అంటే గొంతు నిండుగా తెరిచి సిలిండరు పూర్తిగా నిండాలంటే గాలి సెకనుకు 100 మీటర్లు, గంటకు 360 కిలోమీటర్లు పరుగెత్తాలి.

ఈ లెక్క మొదటిసారి వేసుకున్నప్పుడు కాగితం పక్కన పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయాను. 1996 నవంబరు 6 రాత్రి మా కోనసీమ మీద పడ్డ తుపాను గాలి కూడా ఇంత వేగంతో రాలేదు. ఆ రాత్రి నేను పెంకుటింట్లో, ధాన్యం బస్తాల పక్కన, అమ్మ కొంగు పట్టుకుని ఉన్నాను. తెల్లారాక బయటికొచ్చి చూస్తే గాలి ఎదురుగా కొట్టిన వాలు మీద పెంకులు చాలావరకు ఉన్నాయి. వెనక వాలు మీదవే లేచిపోయాయి. ఎందుకో అప్పుడు తెలియలేదు. గాలి ఒక వాలు ఎక్కి, నడికొప్పు దాటాక, రెండో వాలును అంటిపెట్టుకుని దిగలేదు. ఉన్న ఊపుకు సూటిగా పైకి పోతుంది. దాని కింద ఖాళీ పడి, ఆ ఖాళీ పెంకుల్ని పైకి లాగుతుంది. అదే గాలి నా హెడ్డులో, బొటనవేలంత దారిలో, రోడ్డు మీద బండి నడిచినంతసేపూ సెకనుకు ముప్పై సార్లు మలుపు తిరుగుతోంది. ఇది తెలిశాక ఆ మలుపును పట్టించుకోకుండా ఉండడం నావల్ల కాలేదు.

అయితే మొదటి హెడ్డు నాటికి నాకు ఇదేమీ తెలియదు. పాత సామాన్ల కొట్టులో వాడిన హెడ్డు ఒకటి కొనుక్కొచ్చాను. దారి ఎంత పెద్దదైతే గాలి అంత ఎక్కువ వస్తుందని నమ్మాను. పోర్టు మూతి వెడల్పు చేశాను. కింది గోడ లోతు చేశాను, ఎందుకంటే బర్రు అక్కడికి తేలిగ్గా అందుతుంది. ఆ తర్వాత మూడు వారాలు, 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 120, 220, 400, చివరికి గుడ్డకు పాలిషు పట్టించి రుద్దాను. టార్చి వేసి చూస్తే లోపల నా కన్ను నాకే కనిపించింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చూపించాను.

బండికి ఎక్కించాక మొదటి రోజే తేడా తెలిసింది. బుల్లెట్టుకు ఉన్న గొప్పతనమే తక్కువ వేగంలో లాగడం. మా ఊరి లాకు దగ్గర కాలువ గట్టు ఎక్కేటప్పుడు ఎప్పుడూ మూడో గేరులో దడదడమంటూ పోయే బండి, రెండో గేరు అడిగింది. పొద్దున్నే చల్లటి ఇంజను స్టార్టు కావడానికి ఇదివరకటికంటే ఎక్కువ తన్నాల్సి వచ్చింది. కార్బరేటరు జెట్లు మార్చాను, ప్లగ్గు మార్చాను, టైమింగు చూశాను. నేను మూడు వారాలు కష్టపడి తీసిన లోహమే కారణమని ఒప్పుకోవడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

గాలికి బరువుంది. అసలు సంగతంతా ఇక్కడే ఉంది. పిస్టను అడుగుకు చేరి మళ్లీ పైకి ఎక్కడం మొదలుపెట్టిన తర్వాత కూడా ఇన్లెట్ వాల్వు కొంతసేపు తెరిచే ఉంటుంది. ఆ కొంతసేపూ గాలిని లోపలికి లాగేవాళ్లు ఎవరూ లేరు. అప్పటిదాకా పరుగెత్తుకొచ్చిన ఊపే దాన్ని లోపలికి తోస్తుంది. దారి అనవసరంగా వెడల్పు చేస్తే అదే గాలి నెమ్మదిగా నడుస్తుంది. నెమ్మదిగా వచ్చిన గాలికి ఊపుండదు. పిస్టను ఎదురు తోయగానే వెనక్కి తిరుగుతుంది. అద్దంలాంటి నునుపు వల్ల ఇంకో నష్టం. కార్బరేటరు నుంచి వచ్చే పెట్రోలు అంతా ఆవిరి కాదు, కొంత చినుకులుగా వచ్చి గోడను తడుపుతుంది. గోడ కాస్త గరుకుగా ఉంటే ఆ తడి పలచగా పరుచుకుని గాలితో కలిసి లేస్తుంది. నున్నటి గోడ మీద చారలు కట్టి ధారగా జారుతుంది. చల్లటి ఇంజనుకు ఆ ధార పనికిరాదు. అందుకే ఇప్పుడు ఇన్లెట్ పోర్టును 80 నంబరు కాగితం దగ్గరే ఆపేస్తాను. ఎగ్జాస్టు సంగతి వేరు. అక్కడ నునుపుకు అర్థముంది, మసి తొందరగా పట్టదు.

ఆర్‌ఎక్స్ 100 లాంటి టూస్ట్రోకు బళ్ల కుర్రాళ్లు పోర్టింగు అనేది వేరే పని. టూస్ట్రోకులో పోర్టు కన్నం ఉండేది సిలిండరు గోడకే, పిస్టను అంచే దానికి తలుపు. కన్నం పై అంచు ఒక మిల్లీమీటరు ఎత్తితే తలుపు తెరుచుకునే వేళే మారిపోతుంది. ఆకురాయి రెండు తోపులు ఎక్కువైతే ఇంజను స్వభావం ఇంకొకటవుతుంది. ఫోర్‌స్ట్రోకులో ఆ ప్రమాదం లేదు, వేళ నిర్ణయించేది క్యాము. కానీ తీసిన లోహం తిరిగి రాదన్నది రెండింటికీ ఒకటే.

మా నాన్న ఇరిగేషనులో లస్కరుగా చేశారు. గోదావరి కాలువ మీద పన్నెండు మైళ్ల గట్టు ఆయనది. ఏటా వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అడుగు బయటపడుతుంది. చిన్నప్పుడు ఆయన వెంట గట్టు మీద నడిచేవాణ్ణి. ప్రతి వంపు దగ్గరా ఒకటే దృశ్యం. వంపు బయటి గట్టు కోసుకుపోయి నిటారుగా ఉంటుంది, లోపలి వైపు మేట వేసి ఒండ్రు దిబ్బకట్టి ఉంటుంది. కాలువ వెడల్పు కాగితం మీద ఎంతున్నా, వంపులో నీళ్లు నడిచే దారి అందులో సగమే. నాన్న దానికి ఒక మాట అనేవారు: “లోపలేపు నీళ్లు పడుకుంటాయిరా. పడుకున్న నీళ్ల కాడే మేట.”

పాడైన హెడ్డును బల్ల మీద పెట్టుకుని దిగులుగా కూర్చున్న రోజున ఆ మాట గుర్తుకొచ్చిందని రాస్తే బాగానే ఉంటుంది గానీ, అలా జరగలేదు. ముందు నేను కొలవడం నేర్చుకున్నాను. ఆ మాట తర్వాత వచ్చింది.

కొలవడానికి పెద్ద సరంజామా ఏమీ లేదు. ఇంట్లో ఉన్న వాక్యూమ్ క్లీనరు, ప్లైవుడ్డు పెట్టె, దాని మీద సిలిండరు బదులు 70 మిల్లీమీటర్ల గొట్టం ముక్క, గొట్టం మీద బోర్లించిన హెడ్డు, సందులకు గ్రీజు. వాల్వును కావలసినంత తెరిచి పట్టుకోవడానికి ఒక బోల్టు. తాపీ మేస్త్రీలు గోడల లెవెలు చూసే తెల్లటి గొట్టం ఉంటుంది కదా, అది రెండు గజాలు తెచ్చి, పలక మీద యు ఆకారంలో వంచి బిగించి, కుంకుమ కలిపిన నీళ్లు పోశాను. ఒక కొస పెట్టెలోకి, ఒక కొస గాలికి. వాక్యూమ్ పెడితే రెండు పక్కల నీళ్లకూ ఎత్తు తేడా వస్తుంది. పోర్టులో దారి ఇరుకైతే తేడా పెరుగుతుంది. అడ్డు తొలగితే తగ్గుతుంది. మా వైపు రొయ్యల చెరువులు ఎక్కువ. సాయంత్రం ఏరేటర్లు తిరగడం మొదలవగానే వోల్టేజి పడిపోతుంది, వాక్యూమ్ బలం మారిపోతుంది. అందుకని 24 మిల్లీమీటర్ల కన్నం చేసిన ఇనప రేకు ఒకటి పెట్టుకున్నాను. ప్రతి కొలతకూ ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఆ రేకును కొలుస్తాను. రెండుసార్లూ ఒకే గీత వస్తేనే మధ్యలో కొలిచింది నమ్ముతాను.

ఈ పనికి నాంది పలికినవాడిగా హ్యారీ వెస్లేక్ పేరు చెప్పుకోవాలి. 1897లో పుట్టి 1978లో పోయిన ఇంగ్లీషువాడు. హెడ్డులోంచి గాలి ఎంత పోతోందో ఊహించకుండా కొలవాలని పట్టుబట్టాడు. 1920లలో బెంట్లీ కార్లకు, తర్వాత జాగ్వార్ ఎక్స్‌కే ఇంజనుకు హెడ్లు దిద్దాడు. 1967 బెల్జియం గ్రాండ్ ప్రీలో డాన్ గర్నీ గెలిచిన ఈగిల్ కారు ఇంజను వెస్లేక్ సంస్థదే. ఇదంతా మనకు దూరపు కథలా అనిపిస్తుంది గానీ, మన ఊళ్లలో పెళ్లికూతుళ్లను మోసిన అంబాసిడరులో దశాబ్దాల పాటు ఉన్న 1489 సీసీ ఇంజను బ్రిటిషు బి-సిరీస్‌ది. దాని హెడ్డులో హృదయం ఆకారంలో ఉండే మంట గది వెస్లేక్ ఆలోచనే. షెడ్డులో ఆ హెడ్డు తిరగేసి మసి గీకిన మెకానిక్కులు ఎంతమందో. వాళ్ల చేతుల కింద ఉన్నది ఎవరి పనో వాళ్లకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని నాకు నిజంగా అనిపిస్తుంది.

ఇంకో హెడ్డు తెచ్చాను. ఈసారి ఒక్కో పనీ చేసి ఒక్కోసారి కొలిచాను. ముందు మూతి దగ్గరి గోడను ఒక ఆదివారమంతా నునుపు చేశాను. గొట్టంలో నీళ్లు కదల్లేదు. మూతిని గాస్కెట్టు కన్నానికి సరిగ్గా కలిపాను. కదిలిందో లేదో చెప్పలేనంత కదిలింది. ఆ తర్వాత మొదట చెప్పానే, సీటు కింద గోటికి తగిలే ఆ మెట్టు, దాన్ని తీసి, పోత గోడ నుంచి సీటు దాకా ఒకే వాలుగా కలిపాను. పది నిమిషాల పని, చెంచాడు పొడి కూడా రాలలేదు. వాక్యూమ్ పెట్టగానే ఎర్రనీళ్లు వేలెడంత దిగాయి. నమ్మలేక రేకు పెట్టి చూశాను, మళ్లీ హెడ్డు పెట్టి చూశాను. మూడుసార్లు చూసినా అదే.

ఆదివారమంతా చేసిన నునుపుకు కదలని నీళ్లు పది నిమిషాల పనికి కదిలాయి. ఆ మధ్యాహ్నం నాకు కలిగిన సంతోషం పెద్దది. దాని వెనకే మొదటి హెడ్డు మీద జాలి కూడా కలిగింది.

గాలికి ఎక్కువ కష్టం వాల్వు దగ్గరే. వాల్వు తల వ్యాసంలో నాలుగో వంతు ఎత్తు లేచేసరికి దాని చుట్టూ ఏర్పడే సందు వాల్వు వైశాల్యంతో సమానమవుతుంది. అంతకు తక్కువ ఎత్తులో సందే అసలు గొంతు. లేచేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి, ప్రతి చిన్న ఎత్తునూ వాల్వు రెండుసార్లు దాటుతుంది. కనక ఆ సందు అంచులు ఎలా ఉన్నాయన్నది మిగతా పోర్టు అంతటికంటే ముఖ్యం. ఈ పని ఇంట్లో నావల్ల కాదు. మా టవును బోరింగు షెడ్డులో సీట్లు కోసే పెద్దాయన దగ్గరికి వెళ్తాను. ముప్పై, నలభై అయిదు, అరవై డిగ్రీల మూడు కోణాలు, మధ్యదాని మీదే వాల్వు కూర్చునేది. నీలం రంగు పూసి, వాల్వు ఆనించి తిప్పి, తీసి చూపిస్తారు. సన్నటి ఉంగరంలా చుట్టూ ఒకే వెడల్పున గీత పడాలి. మొదటిసారి వెళ్లినప్పుడు పోర్టులో వేలు పెట్టి చూసి ఆయన అడిగారు: “ఎవరు చేశారబ్బాయ్?”

“నేనేనండి.”

“కింద గోడ ముట్టుకోలేదేం?”

“మొదటి హెడ్డుకి ముట్టుకుని పాడుచేశానండి.”

ఆయన ఇంకేమీ అనలేదు. సీటు కోసినందుకు మామూలు కూలి తీసుకున్నారు. వాల్వు వెనక వైపు మసి గీకి నున్నగా చేసింది మాత్రం లెక్కలో రాయలేదు.

కింద గోడ సంగతి నాకు తెలిసింది నూలు పోగు వల్ల. సన్నటి తీగ కొసకు అరంగుళం పోగు కట్టి, వాక్యూమ్ ఆన్ చేసి, పోర్టులోకి దించి టార్చి వేసి చూస్తాను. పై గోడ వెంబడి పోగు బిగుసుకుని, వాల్వు వైపు సూదిలా నిలబడుతుంది. పక్క గోడల దగ్గరా అంతే. కింది గోడ మలుపు దాటి కాస్త లోపలికి దించగానే పోగు వణకడం మొదలెడుతుంది, ఒకోసారి వెనక్కి తిరిగి మూతి వైపు చూస్తుంది. ఆ చోట గాలి ముందుకు పోవడం లేదు. గోడను వదిలేసి, తనలో తాను సుడి తిరుగుతోంది.

అది చూస్తున్న రోజున నాన్న వసారాలోకి వచ్చారు. వాక్యూమ్ హోరుకు విసుక్కుంటూనే వచ్చారు. టార్చి ఆయన చేతికిచ్చి చూడమన్నాను. వంగి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూశారు. తీగను నా చేతిలోంచి తీసుకుని తానే అటూ ఇటూ కదిపారు. పోగు సూదిలా నిలబడే చోటు, వణికే చోటు, మళ్లీ నిలబడే చోటు.

“లోపలేపు పడుకుంటందిరా,” అన్నారు. “మేట పడే చోటిది.”

ముప్పై ఏళ్లు కాలువ చూసిన కన్ను అది. గాలి సంగతి ఆయన ఎక్కడా చదవలేదు. మొదటి హెడ్డులో నేను చేసిన పొరపాటు ఏమిటో నాకు అప్పుడు పూర్తిగా తెలిసింది. కింది గోడను లోతుగా తవ్వడం వల్ల ఆ మలుపు ఇంకా కరుకైంది. గాలి తిరగలేని మలుపును ఇంకా తిరగలేనిదిగా చేశాను. మేట పడే వైపు గట్టు తవ్వితే మేట పెరుగుతుందే గాని తరగదు. తీయాల్సింది పై గోడ నుంచి, వాల్వు గైడు పక్కల నుంచి, గాలి నిజంగా పరుగెత్తుతున్న వైపు నుంచి. కింద మలుపు అంచును మాత్రం ఆకురాయి మూలతో, లోతు పెరగకుండా, గుండ్రంగా చేయాలి. ఆ సాయంత్రం నాన్న పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను నాలుగు తోపులు తోసి ఆపి, పోగు దించి చూపేవాణ్ణి. వణుకు తగ్గుతూ వచ్చింది. పూర్తిగా పోలేదు. ఒకచోట ఆయన చెయ్యెత్తారు, నేను ఆకురాయి కింద పెట్టాను. ఇంకా తోయొచ్చని నాకనిపించింది గానీ, లోపల గోడ ఎంత మందముందో బయటినుంచి తెలియదు. ఎదురు చెప్పలేదు.

ఆ హెడ్డుతో బండి ఇప్పుడు పదకొండేళ్లుగా నడుస్తోంది. పందెం బండి ఏమీ కాలేదు, కావాలని నేను కోరుకోలేదు కూడా. లాకు దగ్గర గట్టు మూడో గేరులోనే ఎక్కుతుంది, అరవై దాటాక ఇదివరకు ఉన్న ఆయాసం లేదు. ఇంజనుకు ఊపిరాడుతోంది. ఆ మాట నాకు అలంకారం కాదు. వాల్వు సందులోంచి గాలి ఎలా దూరుతుందో చూసినవాణ్ణి గనక, గట్టు మీదికి బండి లాగుతున్నప్పుడు ఆ పోగు నిలబడడం కళ్ల ముందు కనిపిస్తుంది.

మొన్న ఎదురింటి కుర్రాడు తన వంద సీసీ బండి హెడ్డు పట్టుకొచ్చాడు. ఎక్కడో అద్దంలా మెరిసే పోర్టు చూశాడట. “మనం కూడా అలా చేద్దాం బాబాయ్,” అన్నాడు. కళ్లలో ఆశ ఉంది, చేతిలో కొత్త గరుకు కాగితాల కట్ట ఉంది. కిటికీలో ఉన్న నా మొదటి హెడ్డు చేతికిచ్చాను. టార్చి వేసుకుని లోపలికి చూసి, “అబ్బ,” అన్నాడు. వాడి హెడ్డు పెట్టె మీద బోర్లించి, గ్రీజు రాసి, తీగ కొసకు కొత్త పోగు వాడి చేతే కట్టించాను. వాక్యూమ్ పెట్టాను. రేకు గీత పొద్దుటికంటే రెండు వేళ్లు కిందుంది. చెరువుల మీద ఏరేటర్లు మొదలైనట్టున్నాయి.

వోల్టేజి నిలబడేదాకా ఇద్దరం వసారా మెట్ల మీద కూర్చున్నాం. వాడు నా హెడ్డు వదల్లేదు. కాసేపటికి టార్చి ఆర్పేసి, కళ్లు మూసుకుని, లోపలికి వేలు పెట్టాడు.